నాన్నగారు పోయారు, పిన్ని ఉన్నారు: ఏ ఆస్తిలో ఎవరి వాటా ఎంత?

గాజువాక నుంచి నలభై ఒకటేళ్ల సోదరి ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దన్నారు. ఆమె తల్లి 2007లో కేన్సర్‌తో మరణించారు. పోర్టులో ఉద్యోగం చేసిన తండ్రి 2011లో రిటైరయ్యారు. మరుసటి సంవత్సరం సింహాచలంలో, దగ్గరి బంధువుల సమక్షంలో, భర్తను కోల్పోయిన ఒకావిడను పెళ్ళి చేసుకున్నారు. ఆవిడకు అప్పటికే పంతొమ్మిదేళ్ల కూతురు ఉంది. ఈ సోదరి, బెంగళూరులో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు ఆవిడను మొదటి నుంచీ 'పిన్ని' అనే పిలుస్తున్నారు. తండ్రికి చివరి మూడేళ్లు డయాలసిస్ జరిగింది. వారానికి రెండుసార్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లి, సాయంత్రం దాకా కూర్చుని తిరిగి తీసుకువచ్చింది పిన్నే. పది నెలల క్రితం తండ్రి కన్నుమూశారు.

ఆస్తులు ఇవి. మురళీనగర్‌లో 200 గజాల్లో కింద, పైన పోర్షన్లున్న ఇల్లు. తండ్రి 1994లో లోను పెట్టి తన పేరున కొన్నది. మధురవాడలో 150 గజాల ఖాళీ స్థలం. 1995లో తల్లి పేరున రిజిస్టరైంది. చోడవరం దగ్గర తాతగారి నుంచి వచ్చిన ఎకరం ఇరవై సెంట్ల జిరాయితీ భూమి. 1999లో తండ్రి, బాబాయి పంచుకున్నప్పుడు తండ్రి వాటాకు వచ్చింది. బ్యాంకులో పద్దెనిమిది లక్షల డిపాజిట్లు; నామినీ పిన్ని. లాకర్లో తల్లి బంగారం.

"నామినీని నేనే కాబట్టి డబ్బు నాదే, ఇల్లు మీ నాన్న నాకు రాసిచ్చారు, మధురవాడ స్థలం కూడా ఆయన డబ్బుతో కొన్నదే కాబట్టి అందులో సగం నాకు రావాలి" అని పిన్ని అంటున్నారట. రాసిచ్చారనడానికి ఆవిడ చూపించింది గీతల నోటుపుస్తకంలోంచి చింపిన ఒక కాగితం. దాని మీద నాలుగు వాక్యాలు, వణికిన చేత్తో తండ్రి సంతకం, కింద సాక్షిగా పిన్ని అల్లుడి సంతకం ఉన్నాయి. మరో సాక్షి లేడు. తమ్ముడేమో "రెండో పెళ్ళి, అందులోనూ రిజిస్టరు కాలేదు, ఆవిడకు పైసా హక్కు లేదు, ఇంటికి తాళం వేసేద్దాం" అంటున్నాడు. ఇంతలో పెద్దమనుషులు ఇద్దరు ఒక ముసాయిదా తెచ్చారు. "నీకు పెళ్ళిలో ఇవ్వాల్సింది ఇచ్చేశారు, నీ హక్కు తమ్ముడికి విడుదల చేసెయ్, పిన్నికి జీవితాంతం ఇల్లు అనుభవించేలా రాసేద్దాం, ఆమె తరువాత ఇల్లు తమ్ముడికి" అన్నది దాని సారం. ఎవరి మాట నిజమో, ఆ కాగితం మీద సంతకం పెట్టవచ్చో లేదో, రేపు పిన్నిని చూసుకునే బాధ్యత చట్టప్రకారం తమ మీద ఉందో లేదో చెప్పమని సోదరి అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఎవరు ఏమన్నారన్నది మూడు వంతులు ఉంది. ఏ ఆస్తి ఎవరి పేరున, ఏ దారిన వచ్చిందన్నది మధ్యమధ్యలో ముక్కలుగా దొరికింది. ఆస్తి తగాదాల్లో చాలా ఇళ్లలో జరిగేది ఇదే. నాన్నగారు వదిలి వెళ్లిన మొత్తాన్ని ఒకే కుప్పగా పోసి, అందులో పిన్నికి సగమా, మూడో వంతా, సున్నానా అని వాదించుకుంటారు. మీ ఇంట్లో ఉన్నది ఒక కుప్ప కాదు. వేర్వేరు లెక్కల ఆస్తులున్నాయి, ఒక్కోదానిలో పిన్ని వాటా ఒక్కో విధంగా ఉంటుంది. మీరు హిందూ కుటుంబమని ఉత్తరాన్ని బట్టి అర్థమైంది కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే చెబుతున్నాను. ఇదే పరిస్థితి క్రైస్తవ కుటుంబంలో వస్తే 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద భార్యకు మూడో వంతు, పిల్లలందరికీ కలిపి మిగిలిన రెండు వంతులు వస్తాయి. ముస్లిం కుటుంబంలో చనిపోయిన భర్తకు పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు వస్తుంది. ఆ పాఠకులు ఈ కింది లెక్కలను తమకు అన్వయించుకోవద్దు.

ముందు తమ్ముడి వాదన తేల్చేద్దాం, అది నిలిచేది కాదు. హిందూ వివాహం చెల్లడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆచారం ప్రకారం పెళ్ళితంతు జరిగితే చాలు. పెళ్ళినాటికి మీ అమ్మగారు లేరు, ఆవిడ మొదటి భర్త కూడా లేరు. అంటే ఇద్దరిలో ఎవరికీ బతికి ఉన్న జీవిత భాగస్వామి లేరు, కనుక ఆ పెళ్ళి పూర్తిగా చెల్లుతుంది. పైగా ఆవిడ ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నారని మీరే రాశారు. నాన్నగారి ఆఫీసు రికార్డుల్లో ఆవిడ భార్యగా ఉన్నారన్న మాట. రేపు కోర్టులో పెళ్ళే జరగలేదని తమ్ముడు వాదించబోతే మొదట బయటికి వచ్చే కాగితం అదే. ఆ పెన్షన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫ్యామిలీ పెన్షన్ చనిపోయినవారి ఆస్తి కిందికి రాదని, దాన్ని వీలునామాతో కూడా ఇంకొకరికి ఇవ్వలేరని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అది పూర్తిగా ఆవిడది. పంపకాల మాటల్లో దాని ఊసు ఎత్తవద్దు.

ఇప్పుడు మురళీనగర్ ఇల్లు. నాన్నగారి స్వార్జితం, ఆయన పేరున ఉంది. చెల్లే వీలునామా లేకపోతే మొదటి తరగతి వారసులకు సమానంగా పోతుంది. భార్య, కొడుకు, కూతురు, తల్లి ఆ తరగతిలోని వారు. మీ నాయనమ్మగారు ముందే కాలం చేశారు కనుక మీరు ముగ్గురే. మీకు మూడో వంతు, తమ్ముడికి మూడో వంతు, పిన్నికి మూడో వంతు. మీకు పెళ్ళిలో ఏమిచ్చారన్నది ఈ లెక్కలోకి రాదు. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా తీరిపోయిందన్న మాట పెద్దమనుషుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది కానీ తండ్రి స్వార్జితంలో కూతురు కొడుకుతో సమాన వారసురాలన్నది 1956 నుంచే ఉంది. పిన్ని కూతురికి మాత్రం మీ నాన్నగారి ఆస్తిలో సొంతంగా ఏ వాటా లేదు. సవతి బిడ్డ ఈ చట్టం కింద 'కూతురు' కాదు. ఆ అమ్మాయికి అప్పటికే పదిహేనేళ్లు దాటాయి కాబట్టి దత్తత ప్రశ్న కూడా సాధారణంగా తలెత్తదు.

ఆ నోటుపుస్తకం కాగితం సంగతి. ఇల్లు ఇచ్చినట్టు రాసిన కాగితం రెండు విధాలుగానే చెల్లాలి. బతికుండగానే ఇచ్చేసిన దానమైతే రిజిస్టరు కావాలి, అది కాలేదు. చనిపోయాక ఇచ్చే వీలునామా అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు, నోటుపుస్తకం కాగితమైనా పనికి వస్తుంది. కానీ కనీసం ఇద్దరు సాక్షుల సంతకం ఉండి తీరాలి. ఒక్క సాక్షితో ఉన్నది వీలునామాగా చెల్లదు. రేపు రెండో సంతకం దాని మీద కొత్తగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. మీ దగ్గరున్న జిరాక్సును, అది మీకు ఎవరు ఏ రోజు ఇచ్చారో వెనకాల రాసి, భద్రంగా పెట్టుకోండి. ఇద్దరు సాక్షులున్నా, లబ్ధి పొందేవారి ఇంటివాళ్లే దగ్గరుండి రాయించిన వీలునామాను కోర్టులు అనుమానంగానే చూస్తాయి, ఆ అనుమానాలను తీర్చాల్సిన భారం దాన్ని తెచ్చినవారిదేనని 1959లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఆ కాగితాన్ని చూసి భయపడనవసరం లేదు. అయితే దాన్ని చించి పారేయదగిన కాగితంగా కూడా నేను చూడను. మూడేళ్లు తనను ఆసుపత్రికి తిప్పిన మనిషికి తన తరువాత నీడ లేకుండా పోతుందేమోనన్న మీ నాన్నగారి బెంగ ఆ నాలుగు వాక్యాల్లో ఉండి ఉండవచ్చు. అది మిమ్మల్ని చట్టప్రకారం కట్టివేయదు. దానికి ఎంత విలువ ఇవ్వాలన్నది మీరిద్దరు తేల్చుకోవాల్సిన విషయం.

మధురవాడ స్థలం లెక్క అందరూ తప్పు చెబుతున్నారు, తమ్ముడితో సహా. 'అమ్మ ఆస్తి, కాబట్టి పిన్నికి సంబంధం లేదు' అన్నది సగమే నిజం. అమ్మగారు 2007లో పోయినప్పుడు ఆమె ఆస్తికి వారసులు పిల్లలిద్దరితో పాటు భర్త కూడా. అంటే ఆ రోజే ఆ స్థలంలో మూడో వంతు నాన్నగారికి చేరింది. పది నెలల క్రితం ఆయన పోయినప్పుడు ఆ మూడో వంతు మళ్లీ మీ ముగ్గురి మధ్య మూడు భాగాలైంది. అందువల్ల మీకు తొమ్మిదింట నాలుగు, తమ్ముడికి తొమ్మిదింట నాలుగు, పిన్నికి తొమ్మిదింట ఒకటి. నూట యాభై గజాల్లో ఆవిడ భాగం పదహారున్నర గజాల పైచిలుకు. సగం అడుగుతున్న ఆవిడకు, ఏమీ లేదంటున్న తమ్ముడికి ఇద్దరికీ ఈ లెక్క రుచించదు. 'నాన్న డబ్బుతో కొన్నది కాబట్టి నాన్నదే' అన్న వాదనకు కూడా బలం తక్కువ. భార్య పేరున కొన్న ఆస్తి, వేరుగా రుజువైతే తప్ప, భార్య కోసమే కొన్నట్టు భావించాలని 1988 నాటి బినామీ చట్టం చెప్పింది. కొన్న మనిషి తన జీవితకాలంలో ఏనాడూ అది నాదని అనలేదు. ఆయన పోయాక ఆయన తరఫున ఇంకొకరు ఆ మాట రుజువు చేయడం తేలిక కాదు.

లాకర్లోని అమ్మ బంగారానికీ ఇదే తొమ్మిదింట ఒకటి లెక్క వర్తిస్తుంది, వినడానికి ఎంత కష్టంగా ఉన్నా. ఆచరణలో ఆడపిల్లకు తల్లి నగలు వదిలేయడానికి చాలామంది పిన్నులు అభ్యంతరం చెప్పరు. దాన్ని చట్టం వాదనగా కాక విడిగా, మర్యాదగా అడిగి చూడండి. లాకరు తెరిచే రోజు ముగ్గురూ ఉండి, ప్రతి వస్తువునూ తూకంతో సహా ఒక జాబితాగా రాసి ముగ్గురూ సంతకాలు పెట్టడం మాత్రం మానవద్దు.

చోడవరం భూమి గురించి నేను ఇక్కడ తుది మాట చెప్పలేను. కారణం మీరు పంపిన వివరాల్లోనే ఉంది. తాతగారి నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం అనుకుంటారు కానీ తాతగారు స్వయంగా కొన్న భూమి 1956 తరువాత ఆయన మరణంతో మీ నాన్నగారికి వారసత్వంగా వచ్చి ఉంటే, అది నాన్నగారి చేతిలో ఆయన సొంత ఆస్తే అవుతుందని 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు దానికీ ఇంటి లెక్కే, మూడో వంతు చొప్పున. అలా కాక తాతగారికి కూడా అది వాళ్ల నాన్నగారి నుంచి ఉమ్మడిగా వచ్చి ఉంటే పుట్టుకతోనే మీకు, తమ్ముడికి అందులో హక్కు ఉంది. కూతుళ్లకు కొడుకులతో సమానంగా ఆ హక్కు దేశమంతటా 2005 సవరణతో వచ్చింది, పెళ్ళయిందా లేదా అన్నది అడ్డు కాదు. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలన్న వాదనను 2020లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ సందర్భంలో నాన్నగారి మూడో వంతు మాత్రమే ముగ్గురికి చీలుతుంది, పిన్నికి మళ్లీ తొమ్మిదింట ఒకటే. రెండింటిలో ఏది నిజమో 1999 నాటి పారీఖత్తులో (పంపకం దస్తావేజులో) ఆస్తి ఎలా సంక్రమించిందని రాశారో చూస్తే చాలావరకు తెలుస్తుంది. దాని నకలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తీయించండి, తాతగారి పేరు మీద ఉన్న పాత దస్తావేజులు బాబాయిగారి దగ్గర ఉన్నాయేమో అడగండి. అడంగల్‌లోనో పాస్‌బుక్‌లోనో ఎవరి పేరు ఉందన్నది హక్కును తేల్చదు.

డిపాజిట్ల విషయంలో పిన్ని మాటే బ్యాంకులో నెగ్గుతుంది, కోర్టులో నెగ్గదు. బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. అయితే నామినీ ఆ డబ్బుకు యజమాని కాదు, వారసుల తరఫున తీసుకునే మనిషి మాత్రమే. పద్దెనిమిది లక్షల్లో ఆరు లక్షలు ఆవిడవి, మిగిలిన పన్నెండు మీ ఇద్దరివి. ఇబ్బందల్లా ఆచరణలోనే. ఆవిడ డబ్బు తీసుకుని ఖర్చు పెట్టేశాక పన్నెండు లక్షలు తిరిగి రాబట్టడం ఒక దావా, దాని మీద అమలు ఇంకో దావాలాంటి పని. వివాదం ఉందని బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. అయితే కోర్టు ఉత్తర్వు లేకుండా మీ ఉత్తరం మీదే బ్యాంకు చెల్లింపు ఆపుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇన్సూరెన్సు పాలసీలు ఏవైనా బయటపడితే వాటిని ఈ లెక్కలో కలపవద్దు. 2015లో ఆ చట్టాన్ని సవరించారు, భార్య నామినీగా ఉన్నప్పుడు పరిస్థితి వేరుగా ఉంటుంది.

ఇంతవరకు వాటాల లెక్క. మీరు నన్ను అడగనిది, కానీ మీ నిర్ణయం మొత్తం ఆధారపడేది ఒకటి ఉంది: పిన్ని తరువాత ఆవిడ వాటా ఏమవుతుంది? ఇంట్లో ఆవిడకు వచ్చే మూడో వంతు ఆవిడ బతికున్నంత వరకు మాత్రమే అనుభవించే హక్కు కాదు, పూర్తి యాజమాన్యం. అమ్ముకోవచ్చు, దానం చేయవచ్చు, వీలునామా రాయవచ్చు. ఏమీ రాయకుండా పోతే ఆవిడ కన్న కూతురికి వెళుతుంది. పిల్లలు లేని స్త్రీకి భర్త నుంచి వచ్చిన ఆస్తి ఆమె తరువాత భర్త వారసులకు, అంటే మీవంటి వారికి తిరిగి వస్తుంది. పిన్నికి కూతురు ఉంది కాబట్టి ఆ దారి మీకు మూసుకుపోయింది. ఆ కూతురు మీ నాన్నగారికి పుట్టలేదన్నది ఇక్కడ తేడా తేదు. అంటే ఈ రోజు నాన్నగారి ఆస్తిలో ఏ హక్కూ లేని అమ్మాయి, పిన్ని ద్వారా రేపు ఆ ఇంట్లో మూడో వంతుకు యజమానురాలు కావచ్చు. తమ్ముడి కోపం వెనక ఉన్నది ఈ భయమే అనిపిస్తోంది, అది మాత్రం ఆధారం లేని భయం కాదు.

పెద్దమనుషుల ముసాయిదా ఈ భయానికి విరుగుడుగా రాసిందే, కానీ అదే దాని లోపం కూడా. పిన్నికి జీవితాంతం అనుభవ హక్కు, తరువాత తమ్ముడికి అన్నారు. ఒక స్త్రీకి ముందే ఉన్న హక్కుకు బదులుగా పరిమితమైన అనుభవ హక్కు రాసిస్తే, కాగితం మీద ఏ షరతు రాసినా, ఆమెకు అది సంపూర్ణ హక్కుగానే మారుతుందని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. తులసమ్మ కేసని వకీళ్లందరికీ తెలుసు. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. మీ పిన్నికి ఆ ఇంట్లో వారసత్వంగా మూడో వంతు ఈపాటికే వచ్చేసింది. ఆ వాటా మీదనే 'జీవితాంతం మాత్రమే' అని షరతు పెడితే, ఆ షరతు రేపు ఆమె కూతురు వేసే దావాలో నిలబడకపోవచ్చు. తమ్ముడు తనకు రక్షణ అనుకుంటున్న వాక్యమే అతన్ని ముంచవచ్చు. ఇక మీ సంగతి. ఈ ముసాయిదాలో పిన్నికి నీడ దొరుకుతుంది, తమ్ముడికి ఇల్లు దొరుకుతుంది, మీకు దొరికేది ఏమిటో నాకు కనిపించలేదు. హక్కు విడుదల దస్తావేజు ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. 'తరువాత చూసుకుందాంలే' అన్న మాటకు రిజిస్ట్రారు ఆఫీసులో స్టాంపు పడదు. మీరు ఇష్టపడి తమ్ముడికి ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, అది మీ హక్కు. మొహమాటంతో మాత్రం ఇవ్వకండి.

మరి ఏం చేయవచ్చు? ముసాయిదాలోని ఉద్దేశాన్నే సరైన క్రమంలో నెరవేర్చే దారి ఒకటుంది. ఇంట్లో పిన్ని వాటాకు ముగ్గురూ ఒప్పుకున్న ధర కట్టి, డిపాజిట్లలో మీ ఇద్దరికీ రావాల్సిన పన్నెండు లక్షలను ఆ ధరలో భాగంగా ఆవిడకే వదిలి, తక్కువైతే పైన కొంత కలిపి, ఆవిడ చేత తన మూడో వంతును మీ ఇద్దరి పేరున రిజిస్టరు దస్తావేజుతో విడుదల చేయించుకోవచ్చు. ఆ తరువాత మీరిద్దరూ యజమానులుగా, కింది పోర్షన్‌లో ఆవిడ జీవితాంతం నివసించే హక్కును వేరే దస్తావేజులో రాసివ్వవచ్చు. ఆవిడకు చేతిలో డబ్బు, నెలనెలా పెన్షన్, తల మీద కప్పు ఉంటాయి. ఇల్లు బయటికి పోదు. ఈ రెండు దస్తావేజులూ అనుభవం ఉన్న సివిల్ వకీలు చేతే రాయించండి, ఎందుకంటే తులసమ్మ కేసు గండం తప్పేది ఆ మాటల కూర్పులోనే. ఇందులో ప్రమాదం కూడా ఉంది. డబ్బు ఆవిడ చేతికి వచ్చి కూతురు, అల్లుడి చేతుల్లోకి వెళ్లి, ఆఖరికి ఆవిడ ఖాళీ చేతులతో మీ ఇంట్లో మిగలవచ్చు. కొంత మొత్తం ఆవిడ పేరున నెలవారీ వడ్డీ వచ్చేలా డిపాజిట్ చేయించడం మంచిది.

ఆవిడ విడుదలకు ఒప్పుకోకపోతే, చట్టం ఇచ్చిన వాటాల ప్రకారమే ముగ్గురి మధ్య పంపకం దస్తావేజు రిజిస్టరు చేసుకోవడం ఇంకో దారి. నా ఉద్దేశంలో ఆస్తులను ముక్కలు చేయకుండా మార్పిడి పద్ధతిలో చేయడం మేలు. మధురవాడ స్థలం, పొలం, బంగారంలో ఆవిడ తన చిన్న భాగాలను మీకు వదిలేసి, దానికి బదులు డిపాజిట్లలో ఎక్కువ తీసుకోవచ్చు. అప్పుడు ముగ్గురూ ఉమ్మడిగా ఉండేది ఇంట్లో మాత్రమే. కింద, పైన పోర్షన్లు ఉన్నాయి కాబట్టి ఎవరు ఎక్కడ ఉండాలి, అద్దె వస్తే ఎలా పంచుకోవాలి అన్నది రాసుకోవాలి. ఇందులో ఆవిడ వాటా పూర్తిగా ఆవిడదిగానే ఉంటుంది, రేపు ఆమె కూతురితో ఉమ్మడి తప్పకపోవచ్చు. ఆవిడ మీకు వీలునామా రాస్తానన్నా దాని మీద ఆధారపడలేరు; వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఒక్కటి మీకు అనుకూలం: ఆవిడ తన వాటాను బయటివాళ్లకు అమ్మదలిస్తే ముందు కొనుక్కునే హక్కు తోటి వారసులుగా మీ ఇద్దరికీ చట్టం ఇచ్చింది.

మూడోది కోర్టు. పంపకం దావాలో మీ వాటాలు తేలడం పెద్ద సమస్య కాదు, ముందు చెప్పిన లెక్కలే వస్తాయి. ప్రాథమిక డిక్రీ, ఆ తరువాత తుది డిక్రీ అని రెండు దశలుంటాయి, మధ్యలో అప్పీళ్లు. అరవై దాటిన పిన్ని చివరిదాకా ఉంటారని చెప్పలేం. ఆవిడ పోతే ఆ స్థానంలోకి కూతురు వస్తుంది, అప్పుడు మీరు మాట్లాడాల్సింది మీ నాన్నగారికి అన్నం పెట్టని మనిషితో. ఇల్లు విభజించడానికి వీలుకాదని కోర్టు భావిస్తే, సగం లేక అంతకు మించి వాటా ఉన్నవారు అడిగినప్పుడు, 1893 నాటి విభజన చట్టం కింద అమ్మి డబ్బు పంచమని చెప్పవచ్చు. మీ ఇద్దరి వాటాలు కలిపితే మూడింట రెండు కాబట్టి ఆ అస్త్రం మీ చేతిలో ఉంది. దాని గురించి పిన్నికి తెలియడం వేరు, ప్రతి మాటలో గుర్తు చేయడం వేరు. దావా వేసే ముందు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంటుంది, మీకూ పిన్నికీ కూడా. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

ఏమీ చేయకుండా ఆవిడ ఉన్నంతకాలం ఇలాగే ఉండనిద్దామనుకున్నా తప్పు లేదు. తోటి వారసురాలు ఇంట్లో ఉన్నంత మాత్రాన మీ హక్కు పోదు. కానీ మీకు వాటానే లేదని ఆవిడ బహిరంగంగా నిరాకరించి ఒంటరిగా అనుభవిస్తున్నా మీరు ఊరుకుంటే, పన్నెండేళ్ల గడువు మాట ఎదురుకావచ్చు. 'ఇల్లు నాకు రాసిచ్చారు' అన్న మాట ఇప్పటికే వచ్చింది కాబట్టి, మీ హక్కును గుర్తు చేస్తూ కనీసం ఒక రిజిస్టరు నోటీసు వకీలు ద్వారా పంపించడం అవసరం. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో ఇంటిపన్ను పేరు మార్పు కోరితే ముగ్గురి పేర్లతో కోరండి. తాళం వేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఆవిడ ఆ ఇంట్లో సహ యజమాని. చట్టప్రకారం కాకుండా బయటికి పంపితే ఆరు నెలల్లోగా దావా వేసి, హక్కుల చర్చ లేకుండానే ఆవిడ తిరిగి ఇంట్లోకి రాగలరు. దానికి తోడు తమ్ముడు బెంగళూరు నుంచి పోలీసుస్టేషనుకు తిరగాల్సి వస్తుంది.

చివరి ప్రశ్నకు జవాబు. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలో 'తల్లి' అన్న మాటలో సవతి తల్లి కూడా ఉంది. తన ఆస్తితో, ఆదాయంతో బతకలేని స్థితిలో ఉన్నానని ఆవిడ ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వెళితే కూతురితో పాటు మిమ్మల్నీ అడగవచ్చు. ప్రస్తుతం పెన్షన్, తన వాటా ఉన్నాయి కాబట్టి ఆ అవసరం వెంటనే రాదు. ఆవిడ వాటాను మీరు కారుచౌకగా విడుదల చేయించుకుని, ఆ తరువాత ఆవిడ దిక్కులేనిదైతే మాత్రం ఆ ప్రశ్న మీ గుమ్మంలోకి వస్తుంది. ధర న్యాయంగా కట్టమని అంటున్నది అందుకు కూడా.

తమ్ముడితో ఫోనులో కాక ఎదురుగా కూర్చుని ఈ లెక్కలు కాగితం మీద వేసి చూపించండి. పిన్ని దగ్గరికి వెళ్లేముందు మీ ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. అప్పటిదాకా ఆ ముసాయిదాను తెచ్చిన పెద్దమనుషులకు 'వకీలుకు చూపించి చెబుతాం' అన్న ఒక్క మాట చాలు. ఈలోగా మురళీనగర్ ఇంటికి, మధురవాడ స్థలానికి మొదటి నుంచి ఇప్పటివరకు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే పత్రం) తీయించండి. మీకు తెలియకుండా నాన్నగారు గిఫ్టు డీడో సెటిల్‌మెంటో రిజిస్టరు చేసి ఉంటే అందులో కనిపిస్తుంది, అలాంటిది ఉంటే ఆ ఆస్తి వరకు నేను పైన వేసిన లెక్క మారిపోతుంది. అది చూశాక ఇంకా సందేహం మిగిలితే మళ్లీ రాయండి; పారీఖత్తు నకలు కూడా జతచేయండి.